సప్పుడు రాకుంటే మందు యాడికి పోయింది?

మొన్నామధ్య బాపు, అమ్మ హైదరాబాద్ వచ్చి ఓ పది రోజులున్నారు. అప్పుడో శనివారం రాత్రి డాలస్ నుంచి మావాడు వీడియో కాల్ చేశాడు. మావాడంటే గోదావరిఖనిలో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా నా పక్క బెంచీ. వాళ్ళ నాన్నదీ బాయి పనే. (ఊరు కానివాళ్ళకి: మా వైపు బాయి అంటే బొగ్గు గని. నీళ్ళ బావి అనుకుని మా కాలేజీలో ఒకడు చాలా రోజులు జాలి పడ్డాడు.) పేరు చెప్పను, చదివితే తిడతాడు.

కుశల ప్రశ్నలయ్యాక "నీకొకటి చూపిస్తా ఆగు" అని గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. ఒక బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, పక్కన కంసాలి కొట్లో ఉండేలాంటి చిన్న తూకం, డబ్బాల నిండా ఒకసారి కాల్చేసిన ఇత్తడి గొట్టాలు. తన రైఫిల్‌కి తూటాలు తనే తయారు చేసుకుంటున్నాడట. అక్కడ దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు, సొంత వాడకానికైతే చాలామందికి అదొక హాబీ, మనవాళ్ళు వీకెండ్ క్రికెట్ ఆడినట్టు. "మామూలు తూటాలు కాదురా, సబ్‌సోనిక్. మూతికి సైలెన్సర్ బిగించి కొడితే అసలు చప్పుడే ఉండదు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

బాపు నా పక్కనే దివాన్ మీద కూర్చుని వింటున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా బాయిలో దిగిన మనిషి, అందులో సగానికి పైగా షాట్‌ఫైరర్ పని. అంటే బొగ్గు గోడకి రంధ్రాలు వేశాక వాటిలో మందు కూరి పేల్చేవాడు. మా దగ్గర అందరూ షార్ట్‌ఫైరర్ అనే అంటారు, ఆయన ఐదడుగుల పదకొండంగుళాలున్నా సరే :)

బాపు కళ్ళజోడు సర్దుకుని ఫోన్‌లోకి వంగి "సప్పుడు రాకుంటే మందు యాడికి పోయింది బిడ్డా?" అన్నాడు.

మావాడు నవ్వాడు. నేనూ నవ్వాను. బాపు మాత్రం నిజంగానే అడిగాడు, జవాబు కోసం చూస్తున్నాడు. మావాడు "అంకుల్, అదీ.." అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. నాకూ చేతకాలేదు. ఇద్దరం ఇంజనీరింగ్ చదివాం మరి. ఆ ప్రశ్న పట్టుకుని ఇన్ని రోజులు తిరిగాక అర్థమైంది రాస్తున్నా. తూటాల దగ్గర మొదలై మా ఊరి గోడల దాకా పోతుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు తుపాకీ సంగతి. తుపాకీ పేలితే మనం వినేది ఒక చప్పుడు కాదు, రెండు. మందు కాలి పుట్టిన వాయువు గొట్టం మూతి దగ్గర ఒక్కసారిగా బయటపడేది మొదటిది. ఇక గుండు ధ్వని కన్నా వేగంగా పోతుంటే, దారి పొడుగునా గాలిని చీల్చుకుంటూ కొరడా దెబ్బలాంటి చప్పుడు చేస్తుంది, అది రెండోది. సైలెన్సర్ చేసేది మొదటిదాని మీద పని మాత్రమే. 1909లో దీనికి పేటెంట్ తీసుకున్నది హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికన్, మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ కొడుకు. తండ్రి చప్పుడు చేస్తే కొడుకు మూత పెట్టాడన్నమాట. ఈయనే కార్ల ఇంజన్లకీ మఫ్లర్లు చేశాడు. సూత్రం రెండింటికీ ఒకటే: వేడి వాయువుని అరలు అరలుగా తిప్పి, కాస్త చల్లబరిచి, నెమ్మదిగా బయటికి వదలడం.

రెండో చప్పుడుకి మూత లేదు. గుండు ధ్వని వేగం దాటకుండా చూసుకోవడమే దారి. 20 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, ఒక్కో డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. రాష్ట్రంలో ఎండలు ఎక్కడ ఎక్కువ అంటే టీవీల్లో మా రామగుండం పేరు రాని వేసవి ఉండదు కాబట్టి, 45 డిగ్రీల మే నెల మధ్యాహ్నం అది 358 దాకా వెళుతుంది. ఏకే రకం రైఫిల్ గుండు 700 మీటర్ల పైన పోతుంది, అంటే ధ్వనికి రెండింతలు. దాన్ని సగానికి తగ్గిస్తే శక్తి సగం కాదు, పావు వంతవుతుంది, వేగం వర్గంతో పోతుంది కదా. అందుకే వేగం తగ్గించినవాళ్ళు బరువైన గుండు వాడతారు. అంటే మెల్లగా పోయేది, చప్పుడు చేయనిది, బరువైనది. తగిలితే పని మాత్రం చేస్తుంది.

అంత చేసినా సినిమాల్లో చూపించే "టుప్" రాదు. మామూలు రైఫిల్ చప్పుడు చెవి దగ్గర 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మంచి సైలెన్సర్ ఒక 30 తగ్గిస్తుంది. డెసిబెల్ లెక్కలో 30 తగ్గడమంటే శక్తి వెయ్యో వంతుకి పడిపోవడం, గొప్పే. కానీ మిగిలిన 130 డెసిబెల్స్ ఏమైనా గుసగుసా? హీరో పక్క గదిలో కాలిస్తే విలన్ నిద్ర పోతూనే ఉండటం రచయిత ఇష్టం, భౌతికశాస్త్రం పని కాదు.

మరి ఆ వెయ్యి వంతుల్లో తగ్గినది యాడికి పోయింది? చాలా భాగం వేడిగా. వరసగా కొన్ని తూటాలు కాల్చాక సైలెన్సర్ మీద చెయ్యి పెడితే బొబ్బలొస్తాయి. బాపు ప్రశ్నకి మొదటి సగం జవాబు ఇదే. మందు ఎక్కడికీ పోలేదు, వినపడని రూపంలోకి మారింది.

(మన దేశంలో ఇది ఎవరూ సరదాకి ముట్టుకునే విషయం కాదని వేరే చెప్పాలా. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా ఆయుధం గానీ తూటా గానీ తయారు చేయడమే నేరం. అమెరికాలో కూడా సైలెన్సర్ మీద 1934 నుంచి 200 డాలర్ల పన్ను ఉండేది. 2025లో చేసిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి అది సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది. మావాడి ఉత్సాహానికి అదొక కారణం కావచ్చు.)

ఇహ బాపు సంగతి.

మందు చేత్తో కూరడం మా ఇంట్లో హాబీ కాదు, జీతం. బొగ్గు గోడకి డ్రిల్లర్ రంధ్రాలు వేసి పెడతాడు. గ్యాస్ ఉందో లేదో చూసుకోవాలి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది, ఆ లోపలే మందు పేల్చాలి. అందుకే బొగ్గు గనుల్లో మామూలు పేలుడు పదార్థం వాడరు, పర్మిటెడ్ అని వేరే రకం ఉంటుంది. అందులో ఉప్పు కలుపుతారు, మనం పప్పులో వేసుకునే ఉప్పే, సోడియం క్లోరైడ్. మంట వేడిని అది మింగేస్తుంది. నాకిది తెలిసి ఆశ్చర్యపోతే బాపు "గది గూడ దెల్వదా" అన్నట్టు చూశాడు. మందు పెట్టాక చెక్క కర్రతో మెల్లగా నెట్టాలి, ఇనుము ముట్టించకూడదు. ఆపైన బంకమట్టి, ఇసుక కలిపి చేసిన ఉండలు పెట్టి రంధ్రం మూసేయాలి. దూరం పోయి, దారులన్నీ కాపలా పెట్టి, అరిచి చెప్పి, అప్పుడు మీట తిప్పాలి.

ఈ మట్టి ఉండల దగ్గర బాపు చాలాసేపు ఆగాడు. "పిలగాండ్లు మట్టి తక్కువ వెడ్తరు. తొందర. మట్టి తక్కువైతే మందంత మూతికెళ్లి బయటికొస్తది. సప్పుడు దద్దరిల్లుతది. బొగ్గు మాత్రం పడదు." అన్నాడు. ఇంగ్లీషు మైనింగ్ పుస్తకాల్లో మట్టి అలా ఎగిరిపోవడాన్ని రైఫ్లింగ్ అంటారని తర్వాత చదివాను. నిజమే, మట్టి లేని రంధ్రం తుపాకీ గొట్టమే. మంట బయటికొస్తుంది, అక్కడ గ్యాస్ గానీ బొగ్గు దుమ్ము గానీ ఉంటే ఇంక అంతే. అదే మట్టి సరిగ్గా కూరితే "దుప్పు"మని మెత్తటి చప్పుడొస్తుందట, గోడ మొత్తం జారుతుందట. చప్పుడు తక్కువ, పని ఎక్కువ. బాపు అడిగిన ప్రశ్నకి రెండో సగం జవాబు బాపు దగ్గరే ఉంది, మేమిద్దరం అడగలేదంతే. ఆ మందు బొగ్గులోకి పోయింది.

ఇంకో మాట చెప్పాడు, అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక్కొక్క రంధ్రం విడిగా పేల్చే రోజుల్లో షాట్‌ఫైరర్ ప్రతి చప్పుడూ లెక్క పెట్టుకునేవాడట. ఎన్ని పెట్టాం, ఎన్ని పేలాయి. లెక్కలో ఒకటి తగ్గిందా, ఆ గోడలో ఒకటి బతికే ఉందన్నమాట. పేలనిది ఎవడో డ్రిల్లు పెట్టే దాకా చప్పుడు చేయదు. "సప్పుడైతే బయం గాదు బిడ్డా. కావాల్సిన సప్పుడు రాకుంటే బయం." డాలస్‌లో మావాడికి నిశ్శబ్దం అంటే పనితనం, దానికోసం డబ్బు పెడుతున్నాడు. మా నాన్నకి అదే నిశ్శబ్దం అంటే ఎవడి ప్రాణమో గోడలో దాక్కుని ఉండటం. (ఆ మాటకొస్తే మావాడి హాబీలోనూ ఇదుంది. మందు మరీ తక్కువై గుండు గొట్టంలోనే ఆగిపోతే చప్పుడు చిన్నగా వస్తుంది, అది గమనించకుండా రెండోది కాలిస్తే గొట్టమే పగులుతుంది. అన్నిటికన్నా తక్కువ చప్పుడు చేసిందే అన్నిటికన్నా ప్రమాదం. కాల్ చేసి చెప్పా, "తెలుసు లేరా" అన్నాడు.)

ఇదంతా భూగర్భంలో సంగతి. ఇప్పుడు సింగరేణి బొగ్గులో చాలా పెద్ద భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచి వస్తోంది. అక్కడ మందు కూరేది చేత్తో కాదు, లారీ మీద వచ్చి పైపుతో లోతైన రంధ్రాల్లోకి దిగుతుంది. అయినా దగ్గర నిలబడే మనుషులు ఉంటారు. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్ట్-1లో మందు నింపే పని దగ్గర పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. ఆ రోజు బాపు టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నం తినలేదు.

గోదావరిఖనిలో పెరిగిన ఎవరికైనా ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ ఒక గడియారం. సైరన్ మోగుతుంది, ఎర్ర జెండాలు కడతారు, 500 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. తర్వాత "ధన్". మా చిన్నప్పుడు మా క్వార్టర్‌లో ఆ ధన్‌కి అటక మీద ఇత్తడి బిందె సన్నగా మోగేది. అమ్మ కూర కలుపుతూనే "అయ్యింది" అనేది. కిటికీ దగ్గర గోడకి వాలుగా ఒక పగులుండేది. అది బ్లాస్టింగ్ వల్లే వచ్చిందని మా వీధంతా నమ్మేది. నేనూ నమ్మేవాణ్ణి. ఇప్పుడైతే అంత ఖాయంగా చెప్పను. ఎండకి వానకి గోడలు పగులుతాయి, నేల కుంగినా పగులుతాయి, తలుపు గట్టిగా వేసినా గోడ కుదుపుకి గురవుతుంది. కానీ ఆ పగులు దేనివల్ల కాదో చెప్పడానికైనా ఒక అంకె కావాలి కదా, ఆ అంకె మా దగ్గర లేదు. అలాంటిదొకటి ఉంటుందని, అడగొచ్చని కూడా తెలియదు. మేం కొలిచింది చెవులతోనే. "ఇయ్యాల గట్టిగ గొట్టిండ్రు", "ఇయ్యాల మెత్తగ గొట్టిండ్రు". అంతే మా డేటా.

కాలంతో పాటు ఆ ధన్ మెత్తబడింది. దానికి ఒక కారణం, ఇదివరకు రంధ్రాలన్నిటినీ కలుపుతూ నేల మీద డిటొనేటింగ్ తాడు పరిచేవాళ్ళు, అది కూడా పేలుడు పదార్థమే, గాలిలోనే పేలేది, చెవులు చిల్లులు పడేవి. తర్వాత షాక్ ట్యూబులొచ్చాయి. సన్నటి ప్లాస్టిక్ గొట్టం, నిప్పు దాని లోపలే సెకనుకి 2 కిలోమీటర్ల వేగంతో పోతుంది, బయటికి చప్పుడు దాదాపు రాదు. పైగా రంధ్రాలన్నీ ఒకేసారి కాకుండా మిల్లీసెకన్ల తేడాతో పేలుతాయి. మంచి మార్పే, నేను కాదనను. నిజంగా కంపనం తగ్గించేది ఈ రెండోదే. ఒక్క క్షణంలో పేలే మందు ఎంత, ఇల్లు ఎంత దూరం, ఈ రెండిటి మీదే నేల ఊపు ఆధారపడుతుంది, ఆ రోజు మొత్తం ఎన్ని టన్నులు పేల్చారన్నది తర్వాత మాట.

అయితే నా గొడవ ఇక్కడుంది. చప్పుడు తగ్గింది కాబట్టి ఊపు కూడా తగ్గిందని అందరం అనుకుంటాం. రెండూ వేరు వేరు. బ్లాస్టింగ్ నుంచి ఇంటికొచ్చేవి రెండు: నేలలోంచి వచ్చే కంపనం, గాలిలోంచి వచ్చే ఒత్తిడి. ఆ గాలి ఒత్తిడిలో ఎక్కువ భాగం 20 హెర్ట్జ్ కన్నా కిందే ఉంటుంది, అంటే మన చెవికి అందదు. కిటికీ అద్దం దడదడలాడుతుంది, మనకేమీ వినపడదు, భూకంపమేమో అనుకుంటాం. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూసినా పట్టుకోదు. ఆ యాప్‌లు సాధారణంగా చెవి తీరులో కొలుస్తాయి. 10 హెర్ట్జ్ దగ్గర ఆ లెక్క ఏకంగా 70 డెసిబెల్స్ కోసేస్తుంది. ఇళ్ళు ఊగే సొంత ఫ్రీక్వెన్సీ చూస్తే సుమారు 4 నుంచి 12 హెర్ట్జ్. గోడకి బాధ కలిగే చోటే మన చెవి చెవిటిది.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే.. జావాలో కంపైలర్ అరుస్తుంటే పైన ఒక లైను రాసి వార్నింగ్‌లు కనపడకుండా చేస్తాం చూడండి. దాని పేరులోనే సప్రెస్ ఉంది. ఖాళీ క్యాచ్ బ్లాక్ పెట్టి ఎక్సెప్షన్‌ని మింగేయడం కూడా అదే జాతి. కన్సోల్ శుభ్రంగా ఉంటుంది, మేనేజర్ సంతోషిస్తాడు, బగ్ లోపల క్షేమంగా ఉంటుంది. నేను కూడా చేశానులెండి, ఒక రిలీజ్ ముందు రోజు రాత్రి. దాని ఫలితం ఇంకో రోజు చెప్పుకుందాం.

మరి ఏది కొలవాలో ఎవరికీ తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే ధన్‌బాద్‌లో ఉండే డీజీఎంఎస్, 1997లో ఏడో నంబర్ టెక్నికల్ సర్క్యులర్ ఇచ్చింది. పునాది దగ్గర నేల కణం ఎంత వేగంతో కదలవచ్చో సెకనుకి మిల్లీమీటర్లలో అందులో ఉంది. గని యజమానివి కాని మామూలు ఇళ్ళకి 8 హెర్ట్జ్ లోపైతే 5, 8 నుంచి 25 మధ్యైతే 10, ఆ పైనైతే 15. మనిషికి అర మిల్లీమీటరు దగ్గరే తెలిసిపోతుంది కాబట్టి, బిందె మోగిన ప్రతిసారీ గోడకి ప్రమాదం అని కాదు. అది కూడా న్యాయంగా ఒప్పుకోవాలి.

అదే సర్క్యులర్‌లో ఇంకో వరుస ఉంది. గని యజమాని సొంత ఇళ్ళకి, కొంతకాలమే ఉండబోయే కట్టడాలకి, హద్దులు 10, 15, 25. అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా రెట్టింపు. అది చదివాక ఓ ఐదు నిమిషాలు స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నా. దాని వెనక లాజిక్ నాకు అర్థమవుతుంది: ఆ కట్టడం కంపెనీది, గని అయిపోగానే కూల్చేస్తారు, పగిలితే కంపెనీయే బాగు చేసుకుంటుంది. ఆస్తి లెక్కలో తప్పు లేదు. కానీ క్వార్టర్ కంపెనీది అయినంత మాత్రాన అందులో పడుకున్నది కంపెనీ కాదు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు నిద్రపోయే మనిషి, పరీక్షలకి చదివే పిల్లలు, పొయ్యి దగ్గర మా అమ్మ. రోడ్డుకి ఇటు క్వార్టర్, అటు సొంతిల్లు, ఒకే ఇటుక, ఒకే సిమెంటు. అటు 5 దగ్గర ఆగాల్సింది ఇటు 10 దాకా పోవచ్చు. గోడకి పట్టా ఎవరి పేరున ఉందో తెలుస్తుందా?

నేను కోరేది ఉద్యమం కాదు, నాకంత ఓపికా లేదు. బొగ్గు వద్దని కూడా అనను, నా ఫీజులన్నీ ఆ బొగ్గే కట్టింది, రామగుండంలో పుట్టే కరెంటుతోనే ఎక్కడో మన సర్వర్లు నడుస్తాయి. అడిగేది ఒక్కటే. ఎక్కడ పేల్చినా, ఆ రోజు దగ్గరి ఇంటి పునాది దగ్గర ఎన్ని మిల్లీమీటర్లొచ్చాయి, ఏ ఫ్రీక్వెన్సీలో వచ్చాయి, ఆ రెండంకెలూ సాయంత్రానికి కాలనీ కూడలిలో బోర్డు మీద రాయాలి. ఎండ ఎంతో రోజూ చెప్పే ఊరికి ఊపు ఎంతో చెప్పడం బరువైన పనేం కాదు. ఇంట్లో నివసించే మనిషికి ఒకే హద్దు ఉండాలి, యజమాని ఎవరైనా సరే. పగుళ్ళు పేలుడు వల్ల కాకపోతే ఆ బోర్డే కంపెనీకి సాక్ష్యం అవుతుంది కదా, వాళ్ళకీ మంచిదే.

ఇదంతా బొగ్గు బెల్టు గోల, మనకెందుకు అనుకునే గచ్చిబౌలి మిత్రులకి ఒక మాట. పుప్పాలగూడలో నేను అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్ పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వుతున్నారు. ఇక్కడంతా బండే కాబట్టి బ్లాస్టింగ్. మొదట్లో చప్పుడుకి పిల్లలు ఏడుస్తున్నారని అసోసియేషన్ వాళ్ళు వెళ్ళి అడిగారు. బిల్డర్ తరఫు మనిషి చాలా మర్యాదగా వచ్చి "మ్యాట్లు పరుస్తున్నాం సార్, సౌండ్ తగ్గిస్తాం" అన్నాడు. నిజంగానే తగ్గింది. వాట్సాప్ గ్రూప్‌లో నలభై బొటనవేళ్ళు లేచాయి. అందులో ఒకటి నాది.

మ్యాట్లు రాళ్ళు ఎగరకుండా ఆపుతాయి, చప్పుడు కొంత తగ్గిస్తాయి. బండలోంచి వచ్చే ఊపుకి వాటితో సంబంధం లేదు. అది తగ్గాలంటే ఒక క్షణానికి పేలే మందు తగ్గించాలి, లేదా మందే లేకుండా బండని విడగొట్టే పద్ధతులున్నాయి: రంధ్రాల్లో పోస్తే ఉబ్బి రాయిని చీల్చే పొడి, హైడ్రాలిక్ స్ప్లిట్టర్లు, వజ్రపు తీగ రంపాలు. వాటితో పని నెమ్మది, ఖర్చు ఎక్కువ. మ్యాట్లు చవక, వినేవాళ్ళు తృప్తి పడతారు.

బాపు ఉన్నన్నాళ్ళు రోజూ సాయంత్రం బాల్కనీ గచ్చు మీద స్టీలు గ్లాసులో నిండుగా నీళ్ళు పోసి పెట్టేవాడు. నేను లాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉంటే పిలిచేవాడు. చెవికి "దుప్పు"మని దూరంగా, ఎవరో పరుపు దులిపినట్టు. గ్లాసులో నీళ్ళు మాత్రం అంచు దాకా వణికేవి. ఒకరోజు చుక్క బయటికి తొణికింది. "మట్టి మంచిగనే వెట్టిండ్రు" అన్నాడు. మెచ్చుకోలో ఫిర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఫోన్‌లో ఉండే యాక్సిలరోమీటర్‌తో చిన్న స్క్రిప్ట్ రాసి రోజూ ఆ టైముకి లాగ్ చేస్తున్నా. అది అసలైన సీస్మోగ్రాఫ్‌కి సాటి రాదు, ఆ అంకె చూపించి ఎవర్నీ నిలదీయలేం, నాకూ తెలుసు. కానీ ఏ రోజు ఎక్కువ, ఏ రోజు తక్కువ అన్నది తెలుస్తోంది. చప్పుడు మెత్తగా వచ్చిన రోజులే ఎక్కువ ఊపున్నవి అందులో రెండున్నాయి. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది. కొలిచే మిషన్ తెచ్చి మన పునాది దగ్గర పెట్టమని, రీడింగ్ లిఫ్ట్ పక్కన అంటించమని బిల్డర్‌ని అడుగుదామని చెప్తా. ఇప్పటికి ముగ్గురు సరే అన్నారు, ఒకాయన "సౌండ్ రావట్లేదు కదండీ ఇంకా ఎందుకు" అన్నాడు. బాపు ఆ శుక్రవారం బస్సుకి మళ్ళీ వస్తానన్నాడు, గ్లాసు కడిగి పెట్టమన్నాడు.